ఒకే యుద్ధం, ఎందరి పెత్తనం? ఉమ్మడి కమాండ్ వెనక ఉన్న చిక్కులు

భారత సైన్యం, నౌకాదళం, వైమానిక దళాలను కలిపి థియేటర్ కమాండ్‌లు, అంటే ఒక్కో యుద్ధప్రాంతానికి ఒక్కో ఉమ్మడి కమాండ్ ఏర్పాటు చేయాలన్న ప్రతిపాదన వార్తల్లోకి వచ్చినప్పుడల్లా రెండు వాదనలు వినిపిస్తాయి. ఒక సరిహద్దులో జరిగే యుద్ధానికి ఒకరే సేనాని ఉండాలని, లేకపోతే ఎవరి దారి వారిదవుతుందని ఒక వర్గం అంటుంది. ఉన్న యుద్ధవిమానాలే తక్కువ, వాటిని తలా కొన్ని పంచితే ఎక్కడా చాలవని మరో వర్గం అంటుంది. ఇరుపక్షాలూ సాక్ష్యానికి ప్రపంచ యుద్ధాలనే పిలుస్తాయి. ఆ సాక్ష్యం మాత్రం ఎవరికీ పూర్తిగా అనుకూలంగా లేదు. పైన ఒకరిని కూర్చోబెట్టారా లేదా అన్నదానికన్నా, ఆయన చేతికి ఏయే అధికారాలు ఇచ్చారు, ఏవి బిగపట్టుకున్నారు అన్న విషయమే చాలాసార్లు ఫలితాన్ని తేల్చింది.

కమాండ్‌లో ఎన్ని అధికారాలున్నాయి

సైన్యాన్ని నడపడం ఒకే అధికారంలా కనిపిస్తుంది గానీ, విడదీసి చూస్తే అందులో కనీసం నాలుగు ఉంటాయి. ఎక్కడ, ఎప్పుడు, దేనికోసం పోరాడాలో నిర్ణయించడం మొదటిది. దీన్నే వ్యూహ నిర్దేశం అంటారు. చేతిలో ఉన్న బలగాలను ఒక చోటి నుంచి మరో చోటికి తరలించడం రెండోది. ముఖ్యంగా రిజర్వు, అంటే ఇంకా పోరులోకి దింపకుండా వెనక ఉంచిన దళాలను ఎప్పుడు, ఎవరికి ఇవ్వాలన్నది ఇందులోకే వస్తుంది. రణరంగంలో ఎలా పోరాడాలన్నది మూడోది. నియామకాలు, పదోన్నతులు, శిక్షణ, క్రమశిక్షణ నాలుగోది.

ఈ నాలుగూ ఒకే వ్యక్తి దగ్గర ఉండటం అరుదు. ఒకే దేశపు సైన్యంలోనే ఉండవు, ఇక నాలుగైదు దేశాలు కలిసి చేసే యుద్ధంలో అసలే ఉండవు. ఉమ్మడి సేనాని ఆజ్ఞ తమ సైన్యానికి ముప్పు తెస్తుందని అనిపిస్తే తమ ప్రభుత్వానికి మొరపెట్టుకునే హక్కు కూడా కింది సేనానులకు తరచూ ఉంటుంది. థియేటర్ అంటే ఒక యుద్ధం సాగే మొత్తం ప్రాంతం, దాని నేల, నీరు, ఆకాశంతో సహా. థియేటర్ కమాండర్‌కు ఈ అధికారాల్లో ఎన్ని ఉన్నాయో చెప్పకుండా ఆయన బలవంతుడో బలహీనుడో చెప్పలేం.

1918 మార్చి: రిజర్వు ఇవ్వనన్న ఇద్దరు సేనానులు

మొదటి ప్రపంచ యుద్ధం తొలి మూడున్నరేళ్లపాటు పశ్చిమ రంగంలో బ్రిటిష్, ఫ్రెంచ్ సైన్యాలు పక్కపక్కనే, ఎవరి సేనాని కింద వారు పోరాడాయి. ఉమ్మడి కమాండ్‌ను ఒక్కసారి ప్రయత్నించి చూశారు. 1917 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లోని కలే పట్టణంలో జరిగిన సమావేశంలో బ్రిటిష్ ప్రధాని లాయిడ్ జార్జ్, తమ సేనాని హేగ్‌ను ఫ్రెంచ్ జనరల్ నివెల్ కిందికి తెచ్చారు. ఏప్రిల్‌లో నివెల్ దాడి ఘోరంగా విఫలమైంది. ఫ్రెంచ్ సైన్యంలో తిరుగుబాట్లు చెలరేగాయి. ఒకే సేనాని అన్న ఆలోచనకే చెడ్డపేరు వచ్చింది.

ఆ ఏడాది నవంబరులో, ఇటలీ సైన్యం కపొరెట్టో దగ్గర కుప్పకూలిన తరవాత, మిత్రరాజ్యాలు సుప్రీం యుద్ధ మండలిని ఏర్పాటు చేసుకున్నాయి. ఇరు సైన్యాల నుంచి కొన్ని డివిజన్లను (వేలమంది సైనికులుండే పెద్ద దళాలను) తీసి ఒక ఉమ్మడి రిజర్వుగా ఉంచాలని, దాన్ని ఫ్రెంచ్ జనరల్ ఫోష్ నేతృత్వంలోని సంఘం చూడాలని 1918 ఆరంభంలో అనుకున్నారు. కాగితం మీద చక్కటి పథకం. అయితే హేగ్‌గానీ, ఫ్రెంచ్ సేనాని పెటాన్‌గానీ డివిజన్లు ఇవ్వడానికి ఇష్టపడలేదు. అవసరం వస్తే ఒకరికొకరు సాయపడతామని వారిద్దరే విడిగా ఒప్పందం చేసుకున్నారు.

మార్చి 21న జర్మన్ల దెబ్బ ఆ రెండు సైన్యాలు కలిసే చోటికి దగ్గరగా, బ్రిటిష్ ఐదో సైన్యం మీద పడింది. మూడు నాలుగు రోజుల్లోనే ఇద్దరు సేనానుల కంగారు రెండు దిక్కులకు చీలింది. పెటాన్ కళ్లు వెనక ఉన్న పారిస్ మీద, హేగ్ కళ్లు ఇంగ్లండ్‌కు దారి అయిన ఛానల్ రేవుల మీద. ఇద్దరూ తమ తమ దిక్కుకు జరిగితే మధ్యలో అమియాన్ దగ్గర ఖాళీ ఏర్పడుతుంది. జర్మన్లకు కావలసింది అదే. 24 రాత్రి పెటాన్ పూర్తిగా చేతులెత్తేశాడని హేగ్ డైరీ చెబుతుంది. అయితే ఆ డైరీలోని కొన్ని భాగాలను ఆయన తరవాత మార్చి రాశాడని కొందరు చరిత్రకారుల అనుమానం. కాబట్టి ఆ మాటను జాగ్రత్తగా తీసుకోవాలి. ఖాళీ ఏర్పడే ప్రమాదం మాత్రం నిజం.

26న దులాన్ పట్టణంలో ఫ్రాన్స్ అధ్యక్షుడు పాంకరే, ప్రధాని క్లెమాన్సో, బ్రిటిష్ ప్రభుత్వం తరఫున లార్డ్ మిల్నర్, సేనానులు కూర్చున్నారు. ముసాయిదాలో ఫోష్ బాధ్యత అమియాన్ పరిసరాలకే పరిమితమైంది. దాన్ని పశ్చిమ రంగం మొత్తానికి విస్తరించాలన్నది హేగే. కొద్దివారాల కింద కొన్ని డివిజన్లు ఇవ్వడానికి ముఖం చాటేసిన మనిషి! ముప్పు నెత్తిమీదికి వస్తే మనసు ఎలా మారుతుందో ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

ఆ రోజు ఫోష్‌కు దక్కింది సమన్వయ బాధ్యత మాత్రమే. ఇద్దరి మధ్య మాట కలపగలడు, ఆజ్ఞాపించలేడు. అది చాలదని వారంలోనే తేలింది. ఏప్రిల్ 3న బోవే సమావేశం, అమెరికా సేనాని పెర్షింగ్ సమక్షంలో, ఫోష్‌కు వ్యూహ నిర్దేశాధికారం ఇచ్చింది. పోరాడే తీరు ఆయా దేశాల సేనానులకే ఉంచింది. తన సైన్యానికి ప్రమాదమని భావిస్తే స్వదేశ ప్రభుత్వానికి మొరపెట్టుకునే హక్కును ప్రతి సేనానికీ ఇచ్చింది. ఏప్రిల్ 14న ఫోష్‌కు ఫ్రాన్స్‌లోని మిత్ర సైన్యాల సేనాధిపతి అన్న బిరుదు వచ్చింది.

మొరపెట్టుకునే ఆ హక్కు ఉమ్మడి కమాండ్‌ను నీరుగార్చిందా? 1918 ఆగస్టు చూస్తే అలా అనిపించదు. 8న అమియాన్ దగ్గర మిత్రసేనలు పెద్ద విజయం సాధించాయి. అక్కడే దాడి కొనసాగించమని ఫోష్ పట్టుబట్టాడు. ఎదురుగా జర్మన్ల పట్టు బిగిసింది కాబట్టి అక్కడ ఇంకా నెట్టితే ప్రాణాలు పోవడం తప్ప ఫలితం ఉండదని, తన సైన్యానికి తన ప్రభుత్వం ముందు తానే బాధ్యుడినని హేగ్ మొండికేశాడు. ఫోష్ తగ్గాడు. హేగ్ ఉత్తరానికి జరిగి 21న కొత్త చోట దాడి మొదలుపెట్టాడు. అది ఫలించింది. కిందివాడు కాదనగలిగినందువల్ల పైవాడి పథకం బాగుపడిన సందర్భం ఇది. ఫోష్‌కు నిజంగా దక్కిన బలం రెండో రకం అధికారం: రిజర్వు ఎటు వెళ్లాలో చెప్పగలగడం. మార్చిలో లేనిది, ఆ వేసవిలో ఉన్నది అదే.

జావాలో ఆరు వారాలైనా నిలవని కమాండ్

రెండో ప్రపంచ యుద్ధంలోకి అమెరికా దిగగానే, 1941 చివర వాషింగ్టన్‌లో మొదలైన సమావేశాల్లో అమెరికా సైన్యాధిపతి మార్షల్ ఒకే మాట పట్టుకున్నాడు: ప్రతి రంగానికీ నేల, నీరు, ఆకాశం కలిపి ఒకే సేనాని. తొలి ప్రయోగం ఆగ్నేయాసియాలో జరిగింది. అమెరికా, బ్రిటన్, నెదర్లాండ్స్, ఆస్ట్రేలియా బలగాలన్నిటికీ కలిపి ఆబ్డా కమాండ్ పెట్టి బ్రిటిష్ జనరల్ వేవెల్‌కు అప్పగించారు. బర్మా నుంచి ఆస్ట్రేలియా ఉత్తర తీరం దాకా విస్తరించిన రంగం అది. ప్రధాన స్థావరం జావాలోని లెంబాంగ్.

1942 జనవరి 15న మొదలైన ఈ కమాండ్ ఫిబ్రవరి 25న రద్దయింది. ఈలోగా సింగపూర్ జపాన్ వశమైంది. ఒకే సేనాని ఉన్నాడు, ఆయన చేతిలో చాలినన్ని ఓడలూ విమానాలూ లేవు. ఒక్కో ప్రభుత్వం తనకు ముఖ్యమైన ప్రాంతాన్నే కాపాడమంది. ఉమ్మడి కమాండ్ లేని బలాన్ని పుట్టించలేదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఆబ్డా రద్దయిన ఆరు వారాలకు, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అప్పటికి మళ్లీ భారత సర్వసేనాని అయిన వేవెల్ చేతిలో ఈ తీరం నేలమీది రక్షణ ఉంది. బంగాళాఖాతంలోకి రావలసిన తూర్పు నౌకాదళం సోమర్విల్ చేతిలో ఉంది. ఆయన లండన్‌లోని నౌకాదళ కార్యాలయానికి జవాబుదారీ.

ఐజెన్‌హోవర్ చేతికి రాని బాంబర్లు

ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరం మీద మిత్రరాజ్యాల దాడికి ముందు అమెరికన్ జనరల్ ఐజెన్‌హోవర్ పదవి పేరు సుప్రీం కమాండర్. నేల, నౌకా, వైమానిక బలగాలకు వేరువేరు అధిపతులు ఆయన కింద ఉన్నారు. ఉప సేనాని బ్రిటిష్ వైమానిక దళానికి చెందిన టెడ్డర్. అంతా ఉన్నట్టే ఉంది. కానీ అందరికన్నా బలమైన ఆయుధం, అంటే జర్మనీ నగరాల మీద దాడులు చేస్తున్న భారీ బాంబర్లు, ఆయన కింద లేవు. వాటిలో బ్రిటిష్ బాంబర్ల అధిపతి హారిస్, అమెరికన్ బాంబర్ల అధిపతి స్పాట్జ్.

ఫ్రాన్స్‌లోని రైల్వే కూడళ్లను ముందే ధ్వంసం చేస్తే జర్మన్లు తమ రిజర్వును తీరానికి వేగంగా తరలించలేరన్నది టెడ్డర్ పథకం. హారిస్‌కు నగరాలు ముఖ్యం, స్పాట్జ్‌కు చమురు కర్మాగారాలు ముఖ్యం. రాత్రివేళ తన బాంబర్లు అంత చిన్న లక్ష్యాలను కొట్టలేవని కూడా హారిస్ వాదించాడు. 1944 మార్చి 6-7 రాత్రి ట్రాప్ రైల్వే యార్డు మీద జరిపిన దాడిలో ఆయన సొంత దళమే ఆ వాదనను తప్పని చూపింది. ఫ్రెంచ్ పౌరులు చనిపోతారని చర్చిల్ ఆందోళన చెందాడు. బాంబర్లు దక్కకపోతే పదవి వదులుకుంటానని ఐజెన్‌హోవర్ చెప్పవలసి వచ్చింది.

చివరికి ఏప్రిల్‌లో బాంబర్లను నిర్దేశించే అధికారం ఆయనకు వచ్చింది. సెప్టెంబరులో తిరిగి పోయింది. ఒక పనికోసం, ఒక కాలానికి అరువు తెచ్చుకున్న అధికారం అది.

వైమానిక దళాధిపతులది వట్టి మొండితనం అనుకోవడం తొందరపాటు. బాంబర్ ఒక రంగానికి కట్టిపడి ఉండే ఆయుధం కాదు, ఈ రోజు ఇక్కడ, రేపు వందల మైళ్ల అవతల వాడుకోవచ్చు, కాబట్టి దాన్ని ఒక నేల సేనాని అవసరాలకు కట్టేస్తే దాని విలువే పోతుందని వారి వాదన. స్పాట్జ్ మొదలుపెట్టిన చమురు దాడులు జర్మనీ విమానాలకు ఇంధనం లేకుండా చేశాయన్నదీ నిజమే. ఇరువైపులా సరుకున్న వాదన ఇది. ఎవరు నెగ్గారన్నది ఏ నెలలో అడుగుతున్నామన్నదాని మీద ఆధారపడింది.

మొరపెట్టుకునే హక్కు కూడా మళ్లీ కనిపించింది. 1945 జనవరి మొదట్లో, యుద్ధరేఖను కుదించుకోవడానికి స్ట్రాస్‌బర్గ్ నుంచి వెనక్కి రమ్మని ఐజెన్‌హోవర్ ఆదేశించాడు. ఫ్రెంచ్‌వారికి అది విముక్తమై వారాలే గడిచిన నగరం. జర్మన్లు తిరిగివస్తే అక్కడివారి గతి ఏమవుతుందో తెలుసు. నగరాన్ని కాపాడమని ఫ్రాన్స్ నేత డిగాల్ తన సేనాని లాత్ర్‌కు విడిగా ఆజ్ఞ ఇచ్చాడు. 3వ తేదీన చర్చిల్ సమక్షంలో వాదోపవాదాలు జరిగాక ఐజెన్‌హోవర్ తన ఆదేశం మార్చుకున్నాడు.

లేతె: ఒకే దేశం, రెండు నౌకాదళాలు, వేళకు చేరని ఒక సందేశం

ఇప్పటిదాకా చూసినవి వేరువేరు దేశాల పేచీలు. ఒకే దేశపు దళాల మధ్య ఇవి ఉండవా? 1944 అక్టోబరు 25 ఉదయం జవాబు చెబుతుంది.

మార్షల్ అంతగా పట్టుబట్టిన ఒకే సేనాని సూత్రం పసిఫిక్‌లో అమలు కాలేదు. తన జనరల్ మెకార్థర్‌ను నౌకాదళం కింద పెట్టడానికి అమెరికా సైన్యం ఒప్పుకోలేదు, తన ఓడలను మెకార్థర్‌కు అప్పగించడానికి నౌకాదళం ఒప్పుకోలేదు. 1942లోనే సముద్రాన్ని రెండుగా పంచారు. ఫిలిప్పీన్స్‌లోని లేతె ద్వీపం మీద దాడికి రెండు నౌకాదళాలు కలిసి వచ్చాయి. కింకేడ్ నడిపే ఏడో నౌకాదళం మెకార్థర్ కింద ఉంది. హాల్సీ నడిపే మూడో నౌకాదళం వేల మైళ్ల దూరంలోని అడ్మిరల్ నిమిట్జ్ కింద ఉంది. ఈ ఇద్దరికీ ఉమ్మడి పై అధికారి కావాలంటే వాషింగ్టన్ దాకా వెళ్లాలి.

24 సాయంత్రానికి ముందు హాల్సీ ఒక సందేశం పంపాడు: తన యుద్ధనౌకల్లో కొన్నిటితో టాస్క్ ఫోర్స్ 34 ఏర్పాటవుతుంది. ఆయన దృష్టిలో అది ముందస్తు ఏర్పాటు, తాను చెప్పాక చేయవలసింది. ఆ సందేశం కింకేడ్‌ను ఉద్దేశించింది కాదు. ఆయన రేడియోవాళ్లు విని పట్టుకున్నారు. ఆ దళం ఏర్పడిందని, జపాన్ ఓడలు లేతె వైపు రాగల శాన్ బెర్నార్డినో జలసంధికి కాపలాగా ఉందని కింకేడ్ అనుకున్నాడు. ఈలోగా ఉత్తరాన జపాన్ విమానవాహక నౌకలు కనబడ్డాయి. అవి ఎర. హాల్సీ యుద్ధనౌకలతో సహా మొత్తం బలాన్ని వెంటబెట్టుకుని ఉత్తరానికి వెళ్లిపోయాడు. జలసంధి తలుపు తీసి ఉంది, కాపలా లేదు.

తెల్లవారుజామున 4:12కు కింకేడ్ నేరుగా అడిగాడు: టాస్క్ ఫోర్స్ 34 జలసంధికి కాపలా ఉందా? ఇద్దరి మధ్య నేరుగా సందేశాలు నడిచే ఏర్పాటు లేదు. అన్నీ మానస్ దీవిలోని రేడియో కేంద్రం మీదుగా తిరిగి వెళ్లాలి. అక్కడ సందేశాలు గుట్టలుగా పేరుకున్నాయి. ప్రశ్న హాల్సీ చేతికి చేరేసరికి 6:48. లేదని ఆయన జవాబిచ్చే వేళకే ప్రపంచంలోకెల్లా పెద్ద యుద్ధనౌక యమాటోతో సహా జపాన్ అడ్మిరల్ కురిటా దళం జలసంధి దాటి వచ్చి, సమార్ దీవి తీరాన అమెరికన్ల మీద పడింది. అక్కడున్నవి 6 చిన్న విమానవాహక నౌకలు, 3 డిస్ట్రాయర్లు, 4 ఎస్కార్టు నౌకలు. వాటి సిబ్బంది చూపిన తెగువ వల్ల, కురిటా అయోమయంలో వెనుదిరగడం వల్ల దాడి తీరందాకా రాలేదు. కురిటా ఫిరంగులకు ఒక విమానవాహక నౌక, రెండు డిస్ట్రాయర్లు, ఒక ఎస్కార్టు నౌక మునిగాయి.

తప్పెవరిది? చీలిన కమాండే కారణమని హాల్సీ తరవాత వాదించాడు. ఆయనకు అనుకూలమైన వాదన కదా అని కొట్టిపారేయలేం. శత్రు నౌకాదళంలో ప్రధాన భాగాన్ని నాశనం చేసే అవకాశం వస్తే అదే ముఖ్య కర్తవ్యమని నిమిట్జ్ ఆజ్ఞలోనే ఉంది. మెకార్థర్ కింద ఉన్నవారికి తీరంలో దిగిన సైన్యాన్ని కాపాడటం ముఖ్యం. రెండు ఆజ్ఞలూ వాటి వరకు సబబే. జలసంధిని వదిలి వెళుతున్నానని ఒక్క ముక్క స్పష్టంగా చెబితే పోయేదానికి కమాండ్ నిర్మాణాన్ని తిట్టడమెందుకని ఎదుటివారి ప్రశ్న. నాకు ఈ రెండో వాదనలో ఒక లోపం కనిపిస్తుంది: ఇద్దరూ ఒకే అధికారి కింద ఉంటే ఆ ముక్క చెప్పకపోవడం అంత సులువయ్యేది కాదు.

పైన ఒక్కడే ఉన్నా చీలిన కమాండ్

ఒకే వ్యక్తి చేతిలో అధికారం ఉంటే చాలనుకునేవారు జర్మనీని చూడాలి. 1941 డిసెంబరు నుంచి హిట్లర్ సైన్యానికి నేరుగా అధిపతి. అయినా నార్మండీలో థియేటర్ కమాండర్ రున్‌స్టెట్ కింద నౌకాదళం లేదు, వైమానిక దళం లేదు. అవి తమ తమ అధిపతులకే జవాబు చెప్పేవి. నేలమీద కూడా రున్‌స్టెట్ కింది సేనాని రోమెల్ ట్యాంకు డివిజన్లు తీరానికి దగ్గరగా ఉండాలన్నాడు, మరికొందరు దూరంగా ఉండాలన్నారు. రాజీగా కొన్నిటిని హిట్లర్ అనుమతితో మాత్రమే కదిలే రిజర్వుగా ఉంచారు. 1944 జూన్ 6 తెల్లవారుజామున వాటిలో రెండు డివిజన్లను రున్‌స్టెట్ అడిగితే, అనుమతి సాయంత్రం 4 ప్రాంతంలో వచ్చింది. పొద్దున్నే ఇచ్చినా మిత్రరాజ్యాల విమానాలు దారిలోనే వాటిని చితకగొట్టేవన్న వాదన ఉంది. ఆ మాట అలా ఉంచినా, శిఖరం మీద ఐక్యత మధ్యలో చీలికను నయం చేయలేదు. అన్ని తగాదాలూ పైకి ఒక్క మనిషి దగ్గరికే వెళ్లాయి, ఆయన వాటిని తీర్చకుండా ఉంచాడు.

బర్మా రంగం: గజిబిజి పటం, పనిచేసిన కమాండ్

ఈ లెక్కన బ్రిటిష్ అడ్మిరల్ మౌంట్‌బాటెన్ నడిపిన ఆగ్నేయాసియా కమాండ్ ఘోరంగా విఫలం కావాలి. దాని నిర్మాణం చూస్తే తల తిరుగుతుంది. అమెరికన్ జనరల్ స్టిల్‌వెల్ ఒక్కడే మౌంట్‌బాటెన్‌కు ఉప సేనాని, చైనా నేత చాంగ్ కై షేక్‌కు చీఫ్ ఆఫ్ స్టాఫ్ (యుద్ధ నిర్వహణలో సాయపడే ముఖ్య అధికారి), అమెరికన్ బలగాల అధిపతి, ఉత్తర బర్మాలో చైనా డివిజన్లను నడిపే క్షేత్ర సేనాని. అంటే ఒక హోదాలో తానే కింద ఉన్నవాడికి ఇంకో హోదాలో తానే పై అధికారి. నేల బలగాలన్నిటికీ అధిపతి అయిన జిఫర్డ్ కింద పనిచేయనని ఆయన తెగేసి చెప్పాడు. జిఫర్డ్ కింద ఉన్న స్లిమ్ ఆజ్ఞలు మాత్రం ఉత్తర బర్మాలోని కమాయింగ్ చేరేదాకా పాటిస్తానన్నాడు. సైనిక తర్కంలో ఇది వితండం. మౌంట్‌బాటెన్ ఒప్పుకున్నాడు. స్లిమ్, స్టిల్‌వెల్ మాట్లాడుకుని పని నడిపించారు.

అసలు పరీక్ష 1944 మార్చిలో వచ్చింది. జపాన్ సైన్యం ఇంఫాల్, కోహిమాల మీదికి అనుకున్నదానికన్నా వేగంగా వస్తోంది. ఐదో భారతీయ డివిజన్ దూరంగా బర్మా పశ్చిమ తీరంలోని అరకాన్‌లో ఉంది. రోడ్డు, రైలు మార్గాల్లో తెస్తే సమయానికి చేరదు. ఎత్తుకురావడానికి విమానాలు లేవు. ఉన్నవి హిమాలయాల మీదుగా చైనాకు సరుకు మోసే అమెరికన్ రవాణా విమానాలు. వాటి మీద మౌంట్‌బాటెన్‌కు అధికారం లేదు. కంటి గాయంతో ఆసుపత్రిలో ఉండి అప్పుడే బయటికి వచ్చిన ఆయనను స్లిమ్ కొమిల్లాలో కలిసి విమానాలు కావాలన్నాడు. పైనుంచి అనుమతి వచ్చేదాకా ఆగకుండా విమానాలు మళ్లిస్తున్నానని మౌంట్‌బాటెన్ కబురు పెట్టాడు. 20 సీ-46 విమానాలు వచ్చాయి, అనుమతి తరవాత వచ్చింది. మార్చి చివరికల్లా డివిజన్ తన సైనికులు, కొండ ఫిరంగులు, జీపులు, కంచరగాడిదలతో సహా గాలిలో తరలివచ్చింది. అందులోని ఒక బ్రిగేడ్ కోహిమా వైపు వెళ్లింది.

హేగ్, పెటాన్‌లు 1918లో ఉమ్మడి రిజర్వుకు డివిజన్లు ఇవ్వకపోవడం పక్కన దీన్ని పెట్టి చూడండి. రెండు చోట్లా తేలవలసింది ఒక్కటే: ఒకరి చేతిలోని బలాన్ని ఇంకొకరి అవసరానికి ఎవరు, ఎన్ని గంటల్లో మళ్లించగలరు? మౌంట్‌బాటెన్‌కు కాగితం మీద ఆ అధికారం లేదు, తీసుకున్నాడు. దీన్ని ఉమ్మడి కమాండ్ విజయమని కొందరంటారు. వ్యక్తుల చొరవకు, స్లిమ్‌లాంటి సేనాని సామర్థ్యానికి దక్కిన విజయాన్ని నిర్మాణానికి అంటగట్టడమని ఇంకొందరంటారు. ఒక మాట మాత్రం చెప్పవచ్చు. అలా అడగడానికి స్లిమ్‌కు ఒకే గుమ్మం ఉంది, నాలుగు కాదు.

మన చర్చకు ఇందులో ఏది వర్తిస్తుంది

భారత సైన్యానికి 7, వైమానిక దళానికి 7, నౌకాదళానికి 3, మొత్తం 17 విడివిడి కమాండ్‌లు ఉన్నాయి. విశాఖపట్నంలోని తూర్పు నౌకాదళ కమాండ్ వాటిలో ఒకటి. మూడు దళాలకూ కలిపి ఒకే అధిపతి ఉన్న అండమాన్ నికోబార్ కమాండ్ 2001లో ఏర్పడింది. త్రివిధ దళాధిపతి (చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్) పదవిలో తొలి అధికారిగా బిపిన్ రావత్ 2020 జనవరి 1న బాధ్యతలు చేపట్టారు.

1918, స్ట్రాస్‌బర్గ్ ఉదాహరణలు మనకు సరిగ్గా అతకవు. అక్కడ తగాదా వేరువేరు ప్రభుత్వాలది, ఇక్కడ ప్రభుత్వం ఒక్కటే. లేతె దగ్గరి పోలిక. థియేటర్లను సమర్థించేవారి భయం అదే: రెండు దళాలు రెండు ఆజ్ఞలు పట్టుకుని, ఒకరి తలుపు ఇంకొకరు కాస్తున్నారనుకోవడం. వైమానిక దళం వైపు వాదనకు దగ్గరగా ఉన్నది 1944 బాంబర్ల వివాదం. మంజూరైన 42 స్క్వాడ్రన్ల (యుద్ధవిమాన దళాల) కన్నా ఎంతో తక్కువ ఉన్నప్పుడు వాటిని ఒక థియేటర్‌కు శాశ్వతంగా కట్టేయడమా, ఒకే చేతిలో ఉంచి అవసరాన్ని బట్టి అరువిచ్చినట్టు ఇవ్వడమా అన్నది వారి ప్రశ్న. అప్పుడు దొరికిన పరిష్కారం రెండోదే. అయితే ఆ అరువు కోసం సుప్రీం కమాండర్ రాజీనామా బెదిరింపు దాకా వెళ్లవలసి వచ్చింది, బేరం వారాల తరబడి సాగింది. దాడి తేదీని నిర్ణయించుకునే వీలు మిత్రరాజ్యాలకు ఉంది కాబట్టి అది చెల్లింది.

ఇప్పటివరకు మనదేశంలో చట్టరూపం దాల్చింది నాలుగో రకం అధికారం. ఉమ్మడి సంస్థల అధిపతులకు తమ కింద పనిచేసే మూడు దళాల సిబ్బంది మీద క్రమశిక్షణ, పరిపాలనాధికారాలు ఇచ్చే చట్టం 2023లో వచ్చి, 2024 మేలో అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఉమ్మడి కమాండ్‌లో నౌకాదళ అధికారి కింద పనిచేసే ఒక సైనికుడి మీద చర్య తీసుకోవాలంటే అతన్ని సొంత దళానికి తిప్పి పంపవలసి వచ్చేది. యుద్ధవేళ ఒక థియేటర్ నుంచి ఇంకో థియేటర్‌కు విమానాలను ఎవరు మళ్లించాలన్నది ఆ చట్టం పరిధిలో లేదు.